టీవీ గేమ్ షో ఇంటిల్లిపాదీ చూడొచ్చా? మీరే తేల్చుకునే పద్ధతి

"ఫలానా గేమ్ షో పిల్లలతో కూర్చుని చూడొచ్చా అండీ?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఒక్కో షో గురించి విడిగా చెప్పుకుంటూ పోతే ప్రయోజనం లేదనిపించింది. ఈ వారం నేను బాగుందని చెప్పిన షోలో వచ్చే వారం యాంకర్ మారొచ్చు, కొత్త రౌండ్ చేర్చొచ్చు. పైగా మీ ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలియదు. అందుకే మా ఇంట్లో నేను పాటించే పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు, ఏ షో సంగతైనా మీరే తేల్చుకోవచ్చు.

ముందు ఒక్క విషయం. సినిమా టీవీలో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. గేమ్ షోకి అది అక్కర్లేదు. ప్రసారానికి ముందు ప్రభుత్వం తరఫున ఎవరూ చూసి ముద్ర వేయరు. 1994 నాటి కేబుల్ టీవీ రూల్స్‌లో ప్రోగ్రామ్ కోడ్ అని ఒకటుంది. పిల్లలకు తగని కార్యక్రమాలు పిల్లలు ఎక్కువగా టీవీ చూసే వేళల్లో వేయకూడదని అందులో ఉంది. దాన్ని పాటించాల్సింది చానల్. పాటించకపోతే అడగాల్సింది చూసిన మనం. "టీవీలో వస్తోందంటే ఎవరో ఒకరు చూసే ఉంటారులే" అనుకుని కూర్చోవడమే చాలా ఇళ్లలో జరిగే మొదటి పొరపాటు.

కావలసినవి

- ఆ షో పూర్తి ఎపిసోడ్ ఒకటి. ప్రోమో పనికిరాదు, యూట్యూబ్‌లో దొరికే ముక్కలూ పనికిరావు.
- గంటన్నర తీరిక. పిల్లలు బడికి వెళ్లాకో, పడుకున్నాకో.
- కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. ఫోన్ చేతిలో ఉంటే సగం షో చూడం.
- సెట్ టాప్ బాక్స్ పిన్ నంబర్. మీరెప్పుడూ మార్చకపోతే చాలా బాక్సుల్లో అది 0000 గానో 1234 గానో ఉంటుంది. పిల్లలకు అది మీకంటే ముందే తెలిసి ఉండొచ్చు, మార్చేయండి.
- వీలైతే తోడుగా ఇంకొకరు. మీ వయసువాళ్లు కాకుండా మీకంటే బాగా పెద్దవాళ్లయితే మేలు. మనకు అలవాటైపోయిన మాటలు వాళ్ల చెవికి గుచ్చుకుంటాయి.

1. మీ ఇంట్లో ఎవరు చూస్తారో రాయండి

"ఫ్యామిలీ షో" అని చానల్ వాళ్లు అంటారు. ఆ ఫ్యామిలీ ఎవరిదో చెప్పరు. కాబట్టి మీ హాల్లో ఆ టైమ్‌కి కూర్చునేవాళ్ల పేర్లు, వయసులు రాసుకోండి. పేరు పక్కన, వాళ్లను నొప్పించే విషయం ఏదైనా ఉంటే అదీ రాయండి. లావుగా ఉందని బడిలో తోటివాళ్లు ఏడిపిస్తున్న అమ్మాయి, నత్తి ఉన్న బాబు, పెళ్లి కుదరడం ఆలస్యమైన మరదలు, ఈమధ్యే భర్తను పోగొట్టుకున్న పిన్ని, గుండె ఆపరేషన్ చేయించుకున్న మామగారు. ఈ పని అనవసరం అనిపించొచ్చు. కానీ నాలుగో మెట్టుకు వచ్చేసరికి ఈ కాగితమే అక్కరకొస్తుంది.

చిన్నపిల్లలుంటే ముందు వాళ్ల స్క్రీన్ టైమ్ చూసుకోండి. భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెప్పేదాని ప్రకారం రెండేళ్ల లోపు వాళ్లకు అసలు స్క్రీన్ వద్దు. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదు. 5 నుంచి 10 ఏళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. గంటన్నర షో అంటే నాలుగేళ్ల పిల్లాడికి అది ఎంత మంచిదైనా ఎక్కువే.

2. షో ఏ రకమో తేల్చండి, యాంకర్‌ని పక్కన పెట్టండి

"ఆయన చేస్తున్నాడంటే ఆ షో బాగానే ఉంటుంది" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇది తప్పు లెక్క. నాగార్జున 2014లో మాటీవీలో "మీలో ఎవరు కోటీశ్వరుడు" మొదలుపెట్టారు, 2019 నుంచి బిగ్ బాస్ తెలుగు నడుపుతున్నారు. ఎన్టీఆర్ 2017లో బిగ్ బాస్ మొదటి సీజన్ చేశారు, 2021లో జెమినీలో "ఎవరు మీలో కోటీశ్వరులు" చేశారు. రెండు చోట్లా మనుషులు వాళ్లే. కానీ ఒకటి నాలుగు ఆప్షన్ల క్విజ్, ఇంకోటి వారాల తరబడి కొందరిని ఒకే ఇంట్లో ఉంచి ఒక్కొక్కరిని బయటికి పంపే ఆట. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచలేం.

స్థూలంగా రకాలివి.

క్విజ్. 1998లో బ్రిటన్‌లో పుట్టి, 2000 జులైలో అమితాబ్ బచ్చన్‌తో హిందీకి, తర్వాత తెలుగుకు వచ్చిన కోటీశ్వరుడి తరహా. మాటల్లో అసభ్యత తక్కువ. ఇక్కడ చూడాల్సింది డబ్బు చుట్టూ పెంచే టెన్షన్, పోటీదారు కష్టాల కథను ఎంతసేపు సాగదీస్తున్నారు అన్నది.

స్టూడియో సరదా ఆటలు. ఈటీవీలో సుమ ఏళ్ల తరబడి చేసిన స్టార్ మహిళ లాంటివి ఒక పక్క, సినిమావాళ్లు వచ్చి ఆడేవి ఇంకో పక్క. ఇవి పూర్తిగా మాటల మీద నడుస్తాయి కాబట్టి ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ చాలా తేడా ఉంటుంది. వచ్చిన అతిథిని బట్టి అదే షో ఒక వారం చక్కగా, ఇంకో వారం ఇబ్బందిగా ఉంటుంది.

జంటల ఆటలు. భార్యాభర్తలతోనో, ప్రేమికులతోనో ఆడించేవి. పడకగది మాటలు ఆటలో భాగంగా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఇంట్లో ఉంచి ఆడించేవి. గొడవే ఇక్కడ సరుకు. టాస్కుల కన్నా టాస్కు అయ్యాక జరిగే వాదనలే ఎక్కువసేపు చూపిస్తారు.

ఆ షో ఓటీటీలో కూడా ఉంటే అక్కడ ఒకసారి చూడండి. 2021 ఐటీ రూల్స్ వచ్చాక ఓటీటీల్లో ప్రతి కార్యక్రమానికీ యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అని వయసు గుర్తు వేయాలి. టీవీలో ఆ గుర్తు కనిపించదు. అక్కడ 16+ అని ఉన్న షోని మనం హాల్లో ఆరేళ్ల పిల్లాడితో చూస్తూ ఉండొచ్చు. అయితే ఆ గుర్తు వేసేది కూడా ఆ ఓటీటీ వాళ్లే కాబట్టి 7+ అని ఉందని ధీమాగా ఆగిపోకండి.

3. సరైన ఎపిసోడ్ ఎంచుకోండి

మొదటి ఎపిసోడ్ వద్దు, ఫైనల్ వద్దు, పండగ స్పెషల్ అసలే వద్దు. సంక్రాంతి స్పెషల్‌లో అందరూ పట్టుబట్టలు కట్టుకుని పద్ధతిగా ఉంటారు. సీజన్ మధ్యలో, ఏ విశేషమూ లేని మామూలు వారం తీసుకోండి. వీలుంటే ఇంకో ఎపిసోడ్‌లో ఓ పావుగంట చూడండి. రెండింట్లో ఒకే రకం జోకు కనిపిస్తే అది పొరపాటున దొర్లింది కాదు, షో అలవాటు.

ప్రోమో చూసి తేల్చుకోవద్దని ఎందుకంటున్నానంటే, ప్రోమో రెండు వైపులా మోసం చేస్తుంది. ఎపిసోడ్ అంతటిలో ఘాటైన ఇరవై సెకన్లు ఏరి చూపించి మంచి షోని చెడ్డదనిపిస్తుంది. అలాగే ఏడుపులూ ఆలింగనాలూ చూపించి, మధ్యలో ఉన్న చెత్తంతా దాచేస్తుంది.

4. పెన్ను పట్టుకుని చూడండి

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. శరీరం, యాస, ఆడ-మగ, డబుల్ మీనింగ్. షో నడుస్తుండగా ఆ రకం మాట వచ్చిన ప్రతిసారీ ఆ గడిలో ఒక గీత పెట్టండి. నవ్వొచ్చినా సరే గీత పెట్టాల్సిందే. మీకు నవ్వొచ్చిందన్నది తీర్పు కాదు.

శరీరం గడి: లావు, సన్నం, నలుపు, పొట్టి, బట్టతల, పళ్లు. మా ఇంట్లో ఈ పద్ధతి మొదలైంది ఈ గడితోనే. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్లు. వారం వారం చూసే ఒక షోలో లావుగా ఉండే ఒకామెను ఒక పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. మేమందరం నవ్వాం. నెల తిరక్కుండా ఒక పెళ్లిలో మావాడు మా ఆడపడుచు కూతుర్ని పదిమందిలో ఆ పేరు పెట్టి పిలిచాడు. ఆ అమ్మాయి అన్నం వదిలేసి లేచి వెళ్లిపోయింది. వాణ్ని తిట్టబోతే వాడు నిజంగానే తెల్లబోయి, "మీరందరూ నవ్వారుగా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. షో చూసిన రోజు హాల్లో ఉన్న ఐదుగురు పెద్దవాళ్లలో ఒక్కరికీ అది తప్పు మాటగా వినపడలేదు.

యాస గడి: దీన్ని చాలామంది వదిలేస్తారు. శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస మాట్లాడే పాత్ర షోలో ఉండటం తప్పు కాదు, సంతోషమే. ఆ యాస మాట్లాడే మనిషి ప్రతిసారీ పనివాడో తెలివితక్కువవాడో రౌడీనో అయితే గీత పెట్టండి. యాంకర్ పోటీదారు మాటను సరిదిద్ది నవ్వినా గీత పెట్టండి. ఊరి నుంచి వచ్చి హైదరాబాద్ బడిలో చేరిన పిల్లలకు ఈ దెబ్బ ఎంత తగులుతుందో వాళ్లను అడిగితే చెబుతారు.

ఆడ-మగ గడి: మగవాళ్లకు చీర కట్టి నవ్వించడం, భార్య అంటే గయ్యాళి అనే జోకులు, పెళ్లి కాని అమ్మాయిని ఎవరో ఒకరితో జతకట్టి ఆటపట్టించడం. ఒక అయిదు నిమిషాలు సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. మాటలు లేనప్పుడు కెమెరా ఎక్కడికి వెళ్తోందో, ఎవరి చెయ్యి ఎవరి మీద పడుతోందో, అవతలి మనిషి ముఖం ఎలా ఉందో స్పష్టంగా తెలుస్తుంది. మాటల సందడిలో ఇది మన కంటికి ఆనదు.

డబుల్ మీనింగ్ గడి: ఇక్కడ సౌండ్ తీసేయడానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేయాలి. ఒక అయిదు నిమిషాలు వంటింట్లో ఉండి మాటలు మాత్రమే వినండి. అనుమానం ఉన్న మాట దగ్గర ఒక పరీక్ష పెట్టుకోండి. "అంటే ఏంటమ్మా?" అని పిల్లలు అడిగితే తడబడకుండా చెప్పగలరా? చెప్పగలిగితే వదిలేయండి. "నీకెందుకురా" అనాల్సి వస్తే గీత పెట్టండి. బీప్ వేశారు కదా అని ఊరుకోవద్దు. పిల్లలు బీప్ వెనక మాటను పెదాల కదలికను బట్టి పట్టేస్తారు. పట్టలేనివాళ్లు మర్నాడు బడిలో అడిగి తెలుసుకుంటారు.

వెనక వినపడే నవ్వులను, చప్పట్లను లెక్కలోకి తీసుకోకండి. అవి ఎడిటింగ్‌లో కలిపినవీ కావొచ్చు.

లెక్క చూసుకోవడం: గీతలు ఎన్ని దాటితే చెడ్డ షో అని నేను అంకె చెప్పలేను. గంటకు రెండు మూడు గీతలు అన్ని గళ్లలో అక్కడక్కడా ఉంటే చాలా షోల్లో అంతే ఉంటుంది. ఒకే గడి నిండిపోతే జాగ్రత్త. ఇప్పుడు ఒకటో మెట్టులో రాసిన కాగితం పక్కన పెట్టి చూడండి. నిండిన గడి మీ ఇంట్లో ఎవరి పేరు పక్కన రాసిన విషయంతో కలుస్తోందా? కలిస్తే ఆ షో మీ హాల్లోకి వద్దు, పక్కింట్లో అది హాయిగా నడుస్తున్నా సరే.

5. ఓడిన నిమిషాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూడండి

మిగతావన్నీ చేయడానికి ఓపిక లేకపోతే ఈ ఒక్కటైనా చేయండి. ఒక గేమ్ షోని తూచడానికి నాకు దొరికిన అన్నింటికన్నా నమ్మకమైన రాయి ఇది.

ఎవరో ఒకరు ఓడిపోయాక ఒక నిమిషం ఉంటుంది. జవాబు తప్పయింది, బజర్ మోగింది, లేదా ఎలిమినేట్ అని ప్రకటించారు. అక్కడి నుంచి ఆ మనిషి తెర మీద నుంచి వెళ్లిపోయేదాకా చూడండి. ఇవి గమనించండి.

యాంకర్ ముందు ఓడినవాళ్లతో మాట్లాడుతున్నారా, కెమెరాతోనా? సరైన జవాబు ఏమిటో, ఎందుకో చెబుతున్నారా? పేరు పెట్టి, మర్యాదగా పంపుతున్నారా? కన్నీళ్లు వస్తే కెమెరా దగ్గరికి వెళ్తోందా, పక్కకు తప్పుకుంటోందా? అదే ఏడుపును మూడు కోణాల్లో, స్లో మోషన్‌లో, విషాద సంగీతంతో తిప్పి తిప్పి చూపిస్తున్నారా? గెలిచినవాళ్లు ఓడినవాళ్లను వెక్కిరిస్తే ఎవరైనా ఆపుతున్నారా, లేక అదే బ్రేక్‌కి ముందు హైలైట్ అవుతోందా?

శిక్షల సంగతి కూడా ఇక్కడే. ఓడినవాళ్ల నెత్తిన నీళ్లు పోయడం, ముఖానికి రంగు పూయడం సరదాగా ఉండొచ్చు. ఆ మనిషి నవ్వుతూనే ఉన్నాడా, ఒప్పుకునే వచ్చాడా అన్నది చూడండి. పురుగులను తినిపించడం, భయపడే జంతువును మీద పెట్టడం, చెంపదెబ్బలు, గుంజీలు లాంటివి ఉంటే పదేళ్ల లోపు పిల్లలకు నేనైతే చూపించను. భయపడతారని కాదు. ఆ శిక్ష ఆదివారం మీ డాబా మీద పిల్లల ఆటలోకి వచ్చేస్తుంది. తప్పు జవాబు చెబితే టీవీయో ఫ్రిజ్జో పైనుంచి పడి ముక్కలయ్యే రౌండ్ చూసి మా అమ్మాయి, "ఆ ఫ్రిజ్ రాజమ్మకు ఇవ్వొచ్చు కదా" అంది. రాజమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. అంతకుముందు నాకు ఆ ఆలోచనే రాలేదు.

పిల్లలు షో నుంచి లైఫ్‌లైన్లూ జనరల్ నాలెడ్జీ నేర్చుకుంటారని మనం అనుకుంటాం. వాళ్లు ముందుగా నేర్చుకునేది ఓడినవాడితో ఎలా ఉండాలో. క్లాసులో తప్పు జవాబు చెప్పిన పిల్లాణ్ని చూసి మీవాడు ఏం చేస్తాడో ఆ నిమిషం నేర్పుతోంది.

6. పిల్లలే ఆడే షో అయితే

"పిల్లలే ఆడుతున్నారు కాబట్టి పిల్లలు చూడొచ్చు" అనేది ఇంకో పొరపాటు. చిన్నపిల్లలతో పెద్దల పాటలకు పెద్దల హావభావాలతో డాన్సులు చేయిస్తున్నారని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖే చానళ్లకు హెచ్చరిక పంపింది. బాల కళాకారుల చేత రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదని 2017 నాటి నిబంధనలున్నాయి. అర్ధరాత్రి నిద్రకళ్లతో ఉన్న పిల్లాణ్ని స్టేజి మీద చూస్తే మీకే తెలుస్తుంది.

చూడాల్సినవి: ఏడేళ్ల పాపను "నీ బాయ్‌ఫ్రెండ్ ఎవరు" అని అడుగుతున్నారా? జడ్జి తప్పును చెబుతున్నాడా, పిల్లాణ్నే తిడుతున్నాడా? తల్లిదండ్రుల అప్పులు, జబ్బులు పిల్లల చేత చెప్పిస్తున్నారా? ఒక్కటి ఉన్నా పిల్లలతో చూడటం ఆపేయమంటాను.

7. డబ్బు, ప్రకటనలు

షోలో డబ్బు గురించి ఏమంటున్నారో వినండి. కోటి గెలిస్తే కోటీ చేతికి రాదు. గేమ్ షో బహుమతి మీద 30 శాతం పన్ను, దానిపైన సెస్సూ ఉంటాయి. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ లెక్క కాగితం మీద వేయించండి. షో కన్నా ఎక్కువ ఆసక్తిగా చేస్తారు.

బ్రేకులో వచ్చేవి కూడా షోలో భాగమేననుకోండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆ ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. అయినా షో ముక్కలను యూట్యూబ్‌లో చూసేటప్పుడు ఏదో ఒక రూపంలో అలాంటివి ఎదురైతే వెంటనే పిల్లలతో మాట్లాడండి. "టీవీలో ఆడి గెలిచారు కదా, నేనూ ఫోన్‌లో ఆడితే?" అనే ఆలోచన రావడానికి ఎక్కువ దూరం లేదు.

హెచ్చరిక: కౌన్ బనేగా కరోడ్‌పతి పేరు చెప్పి 25 లక్షల లాటరీ తగిలిందంటూ వాట్సాప్‌లో వచ్చే మోసం ఏళ్లుగా నడుస్తోంది. ఇంట్లో గేమ్ షోలు ఇష్టంగా చూసే పెద్దవాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి. గెలిచిన డబ్బు కోసం ముందుగా డబ్బు కట్టమంటే అది మోసమే. పొరపాటున కట్టేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

8. ఏ టైమ్‌కి వస్తోందో చూడండి

రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చే షోనే మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారు. రాత్రి మీరు పిల్లల్ని పడుకోబెట్టి జాగ్రత్త పడ్డా, సెలవు రోజు మధ్యాహ్నం వాళ్లు నానమ్మ పక్కన కూర్చుని అదే చూస్తారు. రీటెలికాస్ట్ టైమ్ కూడా కాగితం మీద రాయండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ రాత్రి 9 అంటే దుబాయ్‌లో 7:30, భోజనాల వేళ. వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 11:30. ఇక్కడి వేళలను బట్టి వేసిన కార్యక్రమం అక్కడ పట్టపగలు పిల్లల ముందుకు వస్తుంది.

9. తీర్పు చెప్పండి

చూడొచ్చు, చూడకూడదు అని రెండే జవాబులు పెట్టుకోవద్దు. నేను మూడు పెట్టుకున్నాను.

ఎవరైనా, ఎప్పుడైనా చూడొచ్చు.
పెద్దవాళ్లు పక్కన ఉంటేనే చూడాలి. ఏ రౌండ్ రాగానే మ్యూట్ చేయాలో కూడా ముందే రాసుకోవాలి.
పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లకు మాత్రమే.

మూడో దానికి సెట్ టాప్ బాక్స్‌లో చానల్ లాక్ ఉంటుంది. కానీ లాక్ చానల్ మొత్తానికి పడుతుంది, అత్తగారి సీరియల్ కూడా పోతుంది. దానికన్నా ఆ టైమ్‌కి టీవీ ఆపే అలవాటే నయం.

మధ్యలో ఠక్కున ఆపేయకండి. ఆట సగంలో ఉండగా ఆపితే పిల్లలకు ఆ షో మీద మోజు రెట్టింపవుతుంది. ఎపిసోడ్ అయ్యాక, మర్నాడు, కారణం చెప్పి ఆపండి. "అది మంచిది కాదు" అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు. "ఓడిపోయినామెను అందరూ వెక్కిరించారు, మన ఇంట్లో అలా చేయం" అంటే అయిదేళ్ల పిల్లలకూ తెలుస్తుంది.

పెద్దవాళ్లతో ఇంకా మెల్లగా చెప్పాలి. మా అత్తగారికి ఒక జంటల షో ఇష్టం. "అది మానేయండి" అనలేదు. "అత్తయ్యా, మీరోసారి చిన్నాడు పక్కనున్నాడని అనుకుని చూడండి" అన్నాను. ఆవిడ ఇరవై నిమిషాలు చూసి, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా, నేను రేపు మధ్యాహ్నం వాడు బడికెళ్లాక చూసుకుంటాలే" అన్నారు.

10. రెండు వారాల తర్వాత సరిచూసుకోండి

తీర్పు సరైనదో కాదో ఇంట్లోనే తెలుస్తుంది. పిల్లల నోట కొత్త మాటలు, కొత్త పేర్లు ఏం వస్తున్నాయి? ఆటల్లో ఓడినప్పుడు ఏం చేస్తున్నారు? షో ఉన్న రాత్రి నిద్ర ఎన్నింటికి పడుతోంది? షో నడుస్తుండగా ఎవరైనా లేచి వంటింట్లోకో గదిలోకో వెళ్లిపోతున్నారా? ఈ చివరిది చాలా ముఖ్యం. ఇంట్లో ఇబ్బంది పడేవాళ్లు సాధారణంగా నోరు తెరవరు, లేచి వెళ్లిపోతారు.

యూట్యూబ్‌లో పిల్లలు ఏమేం చూశారో చూపించే హిస్టరీ కూడా ఒకసారి చూడండి. షో శుభ్రంగానే ఉండొచ్చు, కానీ దాని ముక్కల మీద పెట్టిన బొమ్మలు, కింద కామెంట్లు అలా ఉండవు. షోకి ఒప్పుకుంటే ఆ ముక్కలకూ ఒప్పుకున్నట్టు కాదని పిల్లలకు విడిగా చెప్పాలి.

కొత్త సీజన్, కొత్త యాంకర్, మారిన టైమ్, ఈ మూడింటిలో ఏదైనా జరిగితే మూడో మెట్టు నుంచి మళ్లీ చేయండి.

మరీ అభ్యంతరంగా అనిపిస్తే

ముందు చానల్‌కే రాయాలి. ఫిర్యాదు ఎక్కడికి పంపాలో తెర కింద అప్పుడప్పుడూ స్క్రోల్‌లో వస్తుంది, చానల్ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. చానల్ పేరు, షో పేరు, తేదీ, సమయం, సరిగ్గా ఏ మాట లేదా ఏ దృశ్యం అన్నది రాయండి. "షో చెత్తగా ఉంది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మీరు గీతలు పెట్టిన కాగితం ఇక్కడ పనికొస్తుంది. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఆ తర్వాతి 15 రోజుల్లో ఆ చానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. వాళ్లకు 60 రోజుల గడువుంటుంది. ఆ పైన కేంద్ర ప్రభుత్వ స్థాయి ఉంది.

షో ఆపేశాక ఆ గంటకి ఏం చేయాలి?

ఖాళీగా వదిలేస్తే పిల్లలు ఫోన్ అందుకుంటారు. మేము ఆదివారం రాత్రి ఇంట్లోనే ఆట పెట్టుకున్నాం. మొదటి రౌండ్ అత్తయ్యగారి పొడుపుకథలు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కంటిరెప్పలని మా అమ్మాయికి మూడు వారాలు పట్టింది. రెండో రౌండ్ మా ఆయన న్యూస్‌పేపర్ ప్రశ్నలు, మూడోది అంత్యాక్షరి. బజర్‌కి బదులు స్టీలు గిన్నె, గరిటె. బహుమతి తర్వాతి రోజు కూర ఎంచుకునే హక్కు.

నియమం ఒకటే పెట్టాం, అది మా అబ్బాయి పెట్టిందే. ఏ రౌండ్‌లో ఓడినవాళ్లు ఆ తర్వాతి రౌండ్‌కి యాంకర్. మొన్న ఆదివారం మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. పొడుపుకథల్లో వాళ్లమ్మాయి ఓడింది. మావాడు లేచి గిన్నె, గరిటె తీసుకెళ్లి తన చేతికిచ్చాడు.